మూల మేక

మార్కాపురంలో పలకల గనుల చుట్టుపక్కల పెరిగినవాళ్లకు పులి-మేక ఆటకు అట్ట కొనే పని ఉండదు. చెక్క చట్రం బిగించని నల్లరాతి బిళ్ల ఒకటి మా అరుగు మీదే పడి ఉండేది. అవ్వ దాని మీద బలపంతో కొన గీసి, అక్కణ్నుంచి నాలుగు గీతలు కిందికి లాగి, అడ్డగీతలు కొట్టేది. మొత్తం 23 చుక్కలు. మూడు గులకరాళ్లు పులులు, 15 చింతగింజలు మేకలు.

నాకెప్పుడూ పులే కావాలి. పక్కనున్న మేక వెనక చుక్క ఖాళీగా ఉంటే చాలు, మీదుగా దూకి మింగేయొచ్చు. మేకలకు ఆ భాగ్యం లేదు. ఒక్కొక్కటే దిగాలి, పదిహేనూ దిగేదాకా దిగినది కదలకూడదు. "నడుమ పెట్టబాకురా, మూలన పెట్టు. మూల మేకను పులి దూకలేదు" అనేది అవ్వ, నాకు మేకలిచ్చిన రోజున. తను మేకలతో ఆడితే నా పులులు మూడూ కదల్లేక నిలబడిపోయేవి.

పెద్దయ్యాక, ఒక్కొక్కరు ఒక్కో పాత్రై ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట పుట్టుక గురించి చదువుతుంటే ఆ రాతిబిళ్లే కళ్లముందు కదిలింది. పులికీ మేకకూ ఉన్నట్టే అక్కడా ఎవరి తీరు వాళ్లదే. 1970ల మొదట్లో అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో డేవ్ ఆర్నెసన్ తన స్నేహితులతో బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమలో ఆట నడిపేవాడు. అంతకుముందు వాళ్లంతా బొమ్మ సైన్యాలతో యుద్ధాలు ఆడినవాళ్లే. ఇక్కడ మాత్రం ఒక్కొక్కరికి ఒక్క మనిషే. అందులో ఒకరి పాత్ర నెత్తురు తాగే పిశాచమై, సర్ ఫాంగ్ అన్న పేరుతో ఎవరికీ లొంగకుండా పోయింది. దానికి విరుగుడుగా పుట్టినవాడే పూజారి. సినిమాల్లో శిలువ చేతబట్టి పిశాచాల వెంటపడే వేటగాడి పోలికలు అతనివి.

1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ పేర్లతో ఆట అచ్చయ్యేసరికి యోధుడు, మాంత్రికుడు, పూజారి అని మూడు రకాల పాత్రలు స్థిరపడ్డాయి. అప్పట్లో ఏ ఆయుధం దెబ్బకైనా ఆరు ముఖాల పాచిక ఒక్కటే. యోధుడు ఏ ఆయుధమైనా పడతాడు, వంతు వచ్చిన ప్రతిసారీ కొడతాడు. మొదటి మెట్టు మాంత్రికుడికి చేతిలో బాకు, తలలో ఒకే ఒక్క మంత్రం. వాడేస్తే ఆ రోజుకు అయిపోయినట్టే. అది నిద్ర మంత్రమైతే చిన్నపాటి శత్రువుల గుంపంతా ఒక్కసారిగా కూలుతుంది. ఇప్పుడే వేయాలా, లోపలి గదిలో ఏముందోనని దాచుకోవాలా? అతని యుద్ధమంతా ఆ తడబాటులోనే ఉంటుంది, నాకు అతనంటే ఇష్టం కూడా అందుకే. పూజారి కవచం తొడుగుతాడు కానీ అంచున్న ఆయుధం ముట్టడు. మొదటి మెట్టులో మంత్రమూ లేదు. లేచి నడిచే శవాలను వెనక్కి తరిమే శక్తి మాత్రం ఉంది. ఎవరి దెబ్బ పెద్దదని లెక్కగట్టేవాళ్లకు ఈ ముగ్గురి మధ్య తేడా అంతుపట్టదు. వంతు వచ్చినప్పుడు ఎవరికి ఏ బెంగ పడుతుందో చూడాలి.

1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధం ఆయుధాలకు వేర్వేరు పాచికలిచ్చింది, దొంగను తెచ్చింది. ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో తేల్చడానికి యోధుడికి ఎనిమిది ముఖాల పాచిక, దొంగకు నాలుగు ముఖాలదే. ఎదురుపడితే నిలవలేడు, వెనకనుంచి పొడిస్తే దెబ్బ రెట్టింపు. మొదటిసారి ఆ పాత్ర నా చేతికొచ్చిన రాత్రి పాచిక పట్టకముందే గది పటం దగ్గరికి లాక్కుని, మూల ఎక్కడుందా అని వెతికాను.