సంగం రాకముందు

నస్రుల్లాబాద్ నుంచి నిజామాబాద్ పోయేదారిలో బోర్డు మీద ఊరి పేరు ఉర్దూది, పొలంగట్టు మీద మాట తెలుగుది. నిజాం జమానాలో ఈ రెంటి నడుమ ఉన్నది వట్టి భాషల తేడా కాదు. కచ్చేరీ, పోలీసు, దస్తావేజు ఒకవైపు, రైతు ఇంకోవైపు. కాగితంలో ఏముందో పటేలో పట్వారీయో చెబితేనే తెలిసేది.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో, సంస్కర్త కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. కథ ఇక్కడే మొదలైందంటారు. నాకది చాలదు. అవమానాలు అంతకుముందు జరగలేదా? ఇదొక్కటే సంఘంగా ఎందుకు మారింది? 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం తలుపులు తెరిచాయి. పేపరు చదవడానికొచ్చి ఒకరికొకరు ఎరుకైన మనుషులు ఇరవై ఏళ్లుగా పోగవుతున్నారు. రోషం పాతదే, కూర్చోడానికి పరిచిన చాప కొత్తది.

ఆ సంఘం నుంచే ఆంధ్ర మహాసభ వచ్చింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి, 1937లో మన నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షులు. ఈయన ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు! ఈ ఉద్యమాన్ని ఉర్దూ మీద తెలుగు కోపంగా చదివేవాళ్లు ఈ ఒక్క పేరు దగ్గర ఆగాలి.

అయితే ఆ సభల్లో మాట వకీళ్లది, భూమున్నవాళ్లది. వెట్టి మీద తీర్మానాలు చేశారు, చిన్న పుస్తకం కూడా అచ్చేశారు. వెట్టి మోసేవాడు మాత్రం వేదికకు చాలా దూరం. సభ్యత్వ రుసుము తగ్గాక, 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో మితవాదులు విడిపోయాక, ఆంధ్ర మహాసభ పల్లె నోట ఉత్త ‘సంగం’ అయింది. పేరు కురచయ్యేసరికి మనిషి దగ్గరయ్యాడు.

ఈ రెండు కాలాలనూ కలిపినవాళ్లలో వట్టికోట ఆళ్వారుస్వామి ఒకడు. హోటల్లో సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మాడు. తర్వాత నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఆయనా కవి దాశరథీ కలిసి ఉన్నారు. పళ్లు తోముకోడానికిచ్చిన బొగ్గుతో దాశరథి అక్కడి గోడల మీద పద్యాలు రాశాడు.