కొండెక్కని తత్వశాస్త్రం

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టకముందు మద్రాసు రాష్ట్రపు తెలుగు కుర్రాడు బి.ఏ. ప్యాసయ్యాడంటే అది మద్రాసు పట్టానే. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఫిలాసఫీ తీసుకున్నదీ ఆ శాస్త్రం మీద మక్కువతో కాదు. డిగ్రీ ముగించిన బంధువొకరు తన పాఠ్యపుస్తకాలు ఇచ్చేశాడు, కొనే ఖర్చు తప్పింది. ఇప్పటికీ మన పిల్లలు గ్రూపు ఎంచుకునే తీరు ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు.

వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శకు జవాబుగా 1908లో ఆయన ఎం.ఏ. సిద్ధాంతవ్యాసం రాశాడు. మన దగ్గర ఈ చదువు అసలు రూపం అప్పుడే ఖాయమైంది. ప్రశ్న ఐరోపాది, జవాబు సంస్కృత గ్రంథాలది. మూడో గొంతు వినబడలేదు.

1926లో బెజవాడ కేంద్రంగా మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. 1931 నుంచి 1936 దాకా రాధాకృష్ణనే ఉపకులపతి. బెంగాల్ నుంచి యువ తత్వవేత్త హుమాయూన్ కబీర్‌ను రప్పించి పాఠాలు చెప్పించాడు. ఇక్కడ డబ్బు సంగతి చెప్పుకోవాలి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఈ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవాడు. సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. జయపురం అరకును ఆనుకుని ఉన్న కొండ సంస్థానం, 1936లో కొరాపుట్‌తో పాటు ఒరిస్సాకు వెళ్లింది. కొండ సంస్థానపు రాబడి ఏముంటుంది? గిరిజన రైతు కట్టిన శిస్తు, అడవి. ఆ శిస్తు వాల్తేరులో చదువైంది. ఆ చదువు మాత్రం ఘాటీ ఎక్కలేదు.

స్వాతంత్ర్యం తర్వాత వాల్తేరులో ఫిలాసఫీకి పెద్ద పేరు తెచ్చింది గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి. మన దేశంలో తత్వశాస్త్ర సంప్రదాయాల గురించీ బోధన గురించీ 1985లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులోకి రావడం మొదలైంది. భాష మారింది గానీ ప్రశ్నలు మారలేదు.

కొండమీద ప్రశ్నలు లేవా? గదబ గిరిజనుల సంగతే చూడండి. అరకు ప్రాంతంలోనూ, సరిహద్దు దాటితే కొరాపుట్‌లోనూ ఉన్నారు. కొరాపుట్ గదబల్లో మనిషి పోయాక జరిగే చివరి పెద్ద కర్మ ‘గొత్తర్’. చనిపోయినవారికి ప్రతిరూపంగా దున్నపోతులను నిలబెట్టి, మేపి, సాగనంపి, మరో ఊరివాళ్లకు అప్పగిస్తారు. ఆ కర్మలో పోయినవారి కోసం పాతిన రాళ్లు ఊరి రచ్చబండ దగ్గర మిగులుతాయి. పెద్దలు తగవు తీర్చడానికి కూర్చునేదీ ఆ రాళ్లమీదే. పోయినవాడి ప్రేతం ‘దుమా’ ఒక దారి పడితే, ప్రాణం ‘జీబొన్’ మనవల తరంలో మళ్లీ పుడుతుందని వారి నమ్మకం. మరి ‘నేను’ అంటే ఎవరు, దుమానా, జీబొనా? జాన్ లాక్ 1694లో జ్ఞాపకం ఆధారంగా మనిషి గుర్తింపును నిర్వచించాడని డిగ్రీ పిల్లలు బట్టీ పడతారు. గదబ కుర్రాడు లాక్‌ను ఎదుర్కోగల వాదం ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. ఆ వాదం చెప్పమని క్లాసులో అడిగేవారుండాలి.

ఇది ఆచారమే గాని తత్వశాస్త్రం కాదంటారు. ఆఫ్రికాలోనూ ఇదే తగాదా జరిగింది. ఊరందరి నమ్మకాలను పోగేసి తత్వమనడాన్ని అక్కడి తత్వవేత్త హుంటోంజీ గట్టిగా ఖండించాడు. ఆయన అన్నదాంట్లో నిజముంది. నైరోబీలో మరో తత్వవేత్త ఒడెరా ఒరుకా అందుకు వేరే దారి పట్టాడు. ఊరి నమ్మకాన్ని అడిగి ఊరుకోకుండా, ఆలోచనాపరులైన పెద్దలను ఒక్కొక్కరినే ‘నీ మాట ఏమిటి, ఎందుకలా?’ అని ప్రశ్నించి, వాళ్ల జవాబులను 1990లో పుస్తకంగా తెచ్చాడు.

మన దగ్గర డిగ్రీ బి.ఏ. అనగానే ఎక్కువగా వినిపించేది చరిత్ర, ఆర్థిక, రాజనీతి శాస్త్రాల గ్రూపే. ఫిలాసఫీ అక్కడక్కడ మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా బతికింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే మేజర్ పద్ధతి రావడంతో ఆ మూడో కుర్చీ కూడా పోయింది. ఇక ఫిలాసఫీనే మేజర్‌గా ఎంచుకోమని గిరిజన విద్యార్థికి చెప్పాలంటే ధైర్యం కావాలి.

అరకు నుంచి వాల్తేరు సుమారు 115 కిలోమీటర్లు. విశ్వవిద్యాలయం తత్వశాస్త్ర శాఖవారు ఒక్క సెమిస్టరు పాటు తమ విద్యార్థులను అటు పంపి, ఏజెన్సీ డిగ్రీ కళాశాలల పిల్లలతో కలిపి, వాళ్ల ఊరి పెద్దలను ఒరుకా అడిగినట్టు అడిగించాలి. జవాబులను అక్కడి భాషలైన ఆదివాసీ ఒడియాలో, కువిలో, గదబలో ఉన్నవి ఉన్నట్టు రాయించి, తెలుగులో పాఠంగా పెట్టాలి.