బాయి మీద జీతాల మాట

గోదావరిఖనిలో వేజ్‌బోర్డు, అంటే బొగ్గు గనుల జీతాల ఒప్పందం, ఏమిటో తెలియని ఇల్లు ఉండదు. సంబంధం చూడటానికి వచ్చిన వాళ్లు కూడా అబ్బాయిది ఏ కేటగిరీ, మస్టర్లు (హాజర్లు) సక్కగ పడుతున్నాయా అని అడిగే ఊరు ఇది. 1960ల తొలినాళ్లలో ఇక్కడ బొగ్గు బావులు మొదలయ్యాయి. గోదావరి ఒడ్డున బొగ్గు ఉందని తెలిశాక చుట్టుపక్కల పల్లెల నుంచి బతకవచ్చిన జనం గుడిసెలు వేసుకున్నారు. గుడిసెల పక్కన కంపెనీ క్వార్టర్లు, క్వార్టర్ల పక్కన అంగడి వెలిశాయి. బాయి దిగితేనే పొయ్యి వెలిగే చోట బాయి దిగం అన్న మాట ఎంత బరువైనదో ఊరంతటికీ తెలుసు.

ఈ బావులు నడిపే సింగరేణి కథ మా ఊరికంటే చాలా ముందుది. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ రిజిస్టరయింది. ఎర్రజెండా యూనియన్ నిజాం కాలంలోనే పుట్టింది. ఆ యూనియన్ కట్టి ప్రాణం ఇచ్చిన శేషగిరి పేరు కొత్తగూడెంలోని శేషగిరి భవన్‌కు ఉంది. మా ఊరి కార్మికులు ఆ వారసత్వాన్ని అందుకున్నవాళ్లే.

మా తరం కళ్లారా చూసింది కోల్ ఫిల్లర్ల కాలం. తట్టా చెమ్మస్ పట్టుకొని, పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవాళ్లు ఫిల్లర్లు. వాళ్లకు రోజుకూలి కాదు, టబ్బు లెక్క. బొగ్గు మోసిన దూరానికి లెడ్ అని, ఎత్తుకు లిఫ్ట్ అని అదనంగా కొంత లెక్కగట్టేవారు. బొగ్గు సిద్ధంగా ఉండి ఖాళీ టబ్బు రాకపోతే ఆ పూట చేయి ఆడేది కాదు, టబ్బు లెక్కా పెరిగేది కాదు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. కానీ ఒక బావిలో పని ఆగిందంటే చాలాసార్లు మూలకారణం ఇలాంటిదే: టబ్బులు అందలేదనో, గాలి సరిగ్గా ఆడటం లేదనో, బూట్లు ఇవ్వలేదనో, బదిలీ వర్కర్‌కు మస్టరు వేయలేదనో. బదిలీ వర్కర్ భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నింపితేనే పర్మినెంట్ అయ్యేవాడు. ఒక్క మస్టరు పోయినా ఇంటికి వచ్చి వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు.

ఇవన్నీ తేలే చోటు గేట్ మీటింగ్. షిఫ్టు మారే వేళ, క్యాప్ ల్యాంపు నడుముకు కట్టుకోకముందే, యూనియన్ పిట్ సెక్రటరీ అందరికీ కనిపించేలా ఓ ఎత్తు మీద నిలబడి గట్టిగా మాట్లాడేవాడు. ఎదురుగా దిగబోయేవాళ్లు, పక్కన బొగ్గు మసితో పైకెక్కి వచ్చినవాళ్లు. ఆ ఇద్దరూ కలిసి అవునంటే మేనేజరు బయటికి రాక తప్పేది కాదు. సంతకం, స్టాంపు లేకపోయినా అక్కడ కుదిరిన మాటను ఒప్పందంగానే చూసేవారు.

1981 నాటి 56 రోజుల సమ్మెను మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. నోటీసు లేకుండా ఒక రోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోసుకునే వీలు అప్పటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండేది. ఆ కోతకు వ్యతిరేకంగా జరిగిన పోరాటం అది. రెండు నెలలు జీతం లేకుండా ఇల్లు గడవడమంటే షావుకారు దగ్గర ఖాతా పెరగడం, పుస్తెలు కుదువకు పోవడం. ఆ సమ్మె వేడిలోనే నక్సలైట్ల అండ ఉన్న సింగరేణి కార్మిక సమాఖ్య, సికాస, వచ్చింది. నాయకుల చుట్టూ తిరిగే యూనియన్లతో విసిగిన కుర్రాళ్లు అటు మళ్లారు. 1992లో దానిపై నిషేధం పడేదాకా, పడ్డాక కూడా, బొగ్గుబెల్టు మీద దాని నీడ ఉంది. ఆ ఏళ్లలో ఎన్‌కౌంటర్లు, అరెస్టులు, లాకప్పులు చూడని వాడ లేదు. జీతం గురించి మాట్లాడినవాణ్నీ తుపాకీ పట్టినవాణ్నీ పోలీసులు ఒకే గాటన కట్టిన రోజులవి. ఆ దుఃఖం చాలా ఇళ్లలో ఇంకా ఆరలేదు.

1990ల మొదట్లో ఏడాదికి వందల సంఖ్యలో సమ్మెలు జరిగేవి. పదుల సంఘాలు, ఒక్కొక్కదానిది ఒక్కో పిలుపు. కంపెనీ నష్టాల్లో మునిగి ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. అప్పుడు వచ్చిన మార్పు రహస్య బ్యాలెట్. 1998 సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ ఆధ్వర్యంలో, యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే మొదటి ఎన్నికలు జరిగాయి. ఎర్రజెండా సంఘం ఏఐటీయూసీ గెలిచింది. ఆ తర్వాత ఐఎన్‌టీయూసీ, మళ్లీ ఏఐటీయూసీ, తెలంగాణ ఉద్యమ ఊపులో 2012లో, తిరిగి 2017లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం (టీబీజీకేఎస్), 2023 డిసెంబరు 27న మళ్లీ నక్షత్రం గుర్తు మీద ఏఐటీయూసీ. చివరిసారి తేడా కేవలం 1,999 ఓట్లు. బ్యాలెట్ రావడం మంచిదేనని నా గట్టి నమ్మకం. ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో తేలింది. పనిదినాల నష్టం తగ్గింది, కంపెనీ లాభాల్లోకి వచ్చింది, ఆ లాభాల్లో కార్మికుడికి వాటా ఇచ్చే పద్ధతి కూడా మొదలైంది.

కానీ బేరం బాయి మీది నుంచి దూరమైంది. జీతం తేలేది జేబీసీసీఐ అనే ఉమ్మడి కమిటీలో, కోల్ ఇండియా యాజమాన్యాలూ జాతీయ సంఘాలూ కూర్చునే బల్ల దగ్గర. 11వ వేజ్‌బోర్డు గడువు 2021 జులై 1 నుంచి లెక్క. సంతకాలు 2023 మేలో పడ్డాయి, 19 శాతం పెంపుతో. అంతకుముందు పదో ఒప్పందంలో 20, తొమ్మిదో దాంట్లో 25. ఒప్పందం ఒప్పందానికీ దిగుతున్న ఈ వరుసను చూస్తే ఆ బల్ల దగ్గర కార్మికుల పట్టు సడలుతోందని అనిపించక మానదు. మా కార్మికులు రెండుసార్లు ఎన్నుకున్న టీబీజీకేఎస్‌కు, ప్రాంతీయ సంఘం కావడం వల్ల, అక్కడ కుర్చీయే లేదు. ఆ ఏళ్లలో ఓటు పడింది ఒకరికి, జీతం మాట్లాడింది ఇంకొకరు.

ఇంతటి బలగం జీతం కోసమే కాక తెలంగాణ రాష్ట్రం కోసం కూడా పని ఆపింది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి 35 రోజులు నిలిచిపోయింది. దక్షిణాది కరెంటు కేంద్రాలకు బొగ్గు కొరత తగిలింది. జీతం పోతుందని తెలిసీ కార్మికులు బాయి దిగలేదు. ఆ రోజుల్లో గోదావరిఖని చౌరస్తాలో వంటావార్పు పెట్టిన ఆడవాళ్లను నేను గౌరవంతో తలుచుకుంటాను. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం వారసత్వ ఉద్యోగాలు తిరిగి తెస్తామంది. కోర్టులో అది నిలవలేదు, 2017 జూన్‌లో సమ్మె అయింది. చివరకు మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాలు మిగిలాయి.

ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. తట్టా చెమ్మస్ స్థానంలో యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టుల్లో మట్టి ఎత్తేది కాంట్రాక్టర్ల వాహనాలు. వాటి డ్రైవర్లు, హెల్పర్లు, కాలనీలు ఊడ్చే అమ్మలు, సెక్యూరిటీ వాళ్లు, అంతా కలిపి పాతిక వేల పైచిలుకు కాంట్రాక్టు కార్మికులు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు అమలవుతుంటే ఇక్కడ ఎందుకు ఇవ్వరని 2022 సెప్టెంబరులో వీళ్లు 18 రోజులు సమ్మె చేశారు. కొన్ని సౌకర్యాలు దక్కాయి, అసలు కోరిన వేతనం దక్కలేదు. 2023–24 లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదానిలో 33 శాతం, అంటే 796 కోట్లు, పర్మినెంట్ కార్మికులకు పంచారు. తలకు సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా ఇచ్చింది 5,000 రూపాయలు.

ఒకే గనిలో ఒకే దుమ్ము పీల్చే వీళ్లకు గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటు లేదు. ఓటరు జాబితాలో పేరు లేనివాడి జీతం గురించి ఏ సంఘమైనా ఎంత గట్టిగా మాట్లాడుతుంది? వచ్చే ఎన్నికల నోటిఫికేషన్ పడేలోపు ఇప్పటిదాకా గెలిచిన మూడు సంఘాలూ కలిసి కార్మిక శాఖ ముందు పెట్టవలసిన మొదటి డిమాండు ఈ ఓటే. దానికోసం అవసరమైతే ఒక షిఫ్టు పర్మినెంటు కార్మికులు బాయి దిగకుండా ఉండాలి.