పటముపై పటము: సభామండపపు ప్లానులో పొరల కథ

పెండ్లిపందిరి వేయుచోట పనివారిని కొంతసేపు గమనించినచో ఒక వింత కన్పట్టును. స్థలము ఒక్కటే, కాని దానిని చూచు చూపులు పలు విధములు. పందిరివాడు గుంజలు పాతవలసిన చోట్లను చూచును. కరెంటు పనివాడు తీగ పోవలసిన దారిని చూచును. వంటవారు వడ్డన పంక్తులను, పూలవారు మంటపమును, పెండ్లివారు కుర్చీల లెక్కను చూచుదురు. ఒక్కొక్కరి మనస్సులో ఒక్కొక్క పటము కలదు. అవన్నియు ఒకే నేలపై పడిన తరువాతనే, గుంజ నడిదారిలో నిలిచినదనియు, గాడిపొయ్యి ప్రక్కనుండియే తీగ పోవుచున్నదనియు తెలియును. అప్పటికి ముహూర్తము దగ్గర పడియుండును.

ఈ చిక్కు పెండ్లిపందిరికే పరిమితము కాదు. నాటకశాల, ప్రదర్శన, బహిరంగ సభ, విందు - జనము గుమిగూడు ప్రతిచోటను ఇది కలదు. పలువురి పటములను వేరువేరుగా గీసి, వానిని ఒకే నేలపై కలిపి చూచుటకు ఏర్పడిన ఉపాయమే 'పొర'. వేడుకల ఏర్పాట్లకై నేడు వాడు కంప్యూటరు సాఫ్ట్‌వేరులో దీనిని 'లేయరు' అందురు. అయితే ఈ ఉపాయము కంప్యూటరుతో పుట్టినది కాదు. దాని మూలములు కాగితమునందును, గుడ్డయందును ఉన్నవి.

కదలని నేల

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండను నగరములోని హైడ్ పార్కునందు ఒక మహాప్రదర్శన ఆరంభమయ్యెను. దానికై జోసెఫ్ పాక్స్టన్ రూపొందించిన గాజు భవనము పొడవు 1,848 అడుగులు, వెడల్పు 408 అడుగులు. సుమారు 14,000 మంది ప్రదర్శకులకు అందులో చోటు చూపవలసి యుండెను. పాక్స్టన్ తన నేలపటమును 24 అడుగుల కొలతపై నిర్మించెను. ఇనుప స్తంభముల నడిమి దూరము 24 అడుగులు, లేదా దాని గుణిజములు. అందుచేత ఆ భవనపు నేల పెద్ద గళ్ళ కాగితమువలె నుండెను. అట్టి గళ్ళపై స్థలమును పంచుట సులభము. పడమటి సగము బ్రిటనుకును దాని వలస దేశములకును, తూర్పు సగము ఇతర దేశములకును కేటాయింపబడెను.

ఆ స్థలమున కొన్ని పెద్ద ఎల్మ్ చెట్లుండెను. వానిని నరుకుటకు ప్రజలు సమ్మతింపలేదు. అప్పుడు భవనము నడుమ అర్ధవర్తులాకారమైన ఎత్తు కప్పును వేసి, చెట్లను లోపలనే నిలిపిరి. ప్రదర్శన వస్తువులను ఎటు కావలెనన్న అటు జరుపవచ్చును, చెట్టును జరుపరాదు. ప్లాను గీయువాడు మొదట నేర్వవలసిన భేదమిదియే. గోడలు, స్తంభములు, ద్వారములు, మెట్లు, చెట్లు - ఇవి కదలనివి. వీనిని చూపు పటమునకు నేటి సాఫ్ట్‌వేరులో 'ఆధారపు పొర' అని పేరు. తక్కిన పొరలన్నియు దానిని అనుసరించి మారును. అది మాత్రము దేనిని అనుసరించియు మారదు.

గుడ్డ, కాగితము, ఉక్కుపట్టీ

పూర్వపు డ్రాఫ్ట్స్‌మన్లు గంజి పట్టించి నునుపు చేసిన పలుచని ట్రేసింగు గుడ్డపై పటములు గీయుచుండిరి. అది వెలుతురును లోపలికి పోనిచ్చును. గోడల పటముపై దానిని పరచి, ద్వారములను, గొట్టములను, దీపములను వేరొక పటముగా గీయవచ్చును. 1842లో సర్ జాన్ హెర్షెల్ కనుగొనిన సయనోటైపు పద్ధతి, ఆ శతాబ్దపు చివరి దశాబ్దములలో పటముల నకళ్ళు తీయుటకు విరివిగా వాడుకలోనికి వచ్చెను. నీలి నేలపై తెల్ల గీతలతో వచ్చు ఆ నకలే 'బ్లూప్రింటు'. దీనితో ఒక్కొక్క పనివానికి ఒక్కొక్క నకలు అందెను.

కాని ఇందులో ఒక లోపము కలదు. కాగితము, గుడ్డ గాలిలోని తేమను పీల్చి సాగును, ఎండకు ముడుచుకొనును. నిన్న గీసిన గోడల పటమునకును, నేడు గీసిన దీపముల పటమునకును నూలుపోగంత తేడా వచ్చినను, నేలపై అది అంగుళముల తేడా యగును. పటమునందలి పావు అంగుళము నేలపై ఒక అడుగుగా గీసినచో, కాగితముపై పదహారవ వంతు అంగుళపు తప్పు నేలపై మూడు అంగుళములగును.

1950ల దశకమున వచ్చిన పాలియెస్టరు ఫిల్ము ఈ లోపమును చాలవరకు తీర్చెను. అది పారదర్శకము, తేమకు అంతగా సాగదు. అటుపిమ్మట ఫిల్ముల అంచున రంధ్రములు చేసి, చిన్న మొలలు గల ఉక్కుపట్టీపై వానిని తగిలించు పద్ధతి డ్రాయింగు కార్యాలయములలో వ్యాపించెను. 1970ల దశకమున అమెరికాలో ఇది బాగుగా వాడుకలో నుండెను. అడుగున గోడల ఫిల్ము, దానిపై విద్యుత్తు, దానిపై నీటిగొట్టములు - అన్నియు ఒకే మొలలకు తగిలి యుండుటచేత గీతకు గీత సరిపోవును. కావలసిన ఫిల్ములను మాత్రము కలిపి ఫోటో నకలు తీయుదురు. విద్యుత్ పనివానికి గోడలు, తీగలు చాలును. గొట్టములతో పని లేదు. నేటి లేయరు చేయు పనియంతయు ఇక్కడనే సిద్ధమై యున్నది. లేనిది కంప్యూటరు ఒక్కటే.

అంకెలుగా మారిన గీత

1963లో ఐవాన్ సదర్లండ్ అను యువకుడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు సమర్పించిన పరిశోధన గ్రంథములో 'స్కెచ్‌ప్యాడ్' అను ప్రోగ్రామును వర్ణించెను. టీఎక్స్-2 అను కంప్యూటరు తెరపై కాంతికలముతో గీతలు గీయుట దాని ముఖ్య లక్షణము. అక్కడ గీత సిరాతో గీచిన చార కాదు. అది రెండు కొసల స్థానములను తెలుపు అంకెల సమూహము. అంకెలకు మరికొన్ని గుర్తులు చేర్చుట కష్టము కాదు. 'ఈ గీత గోడకు చెందినది', 'ఈ వృత్తము బల్లకు చెందినది' అని ప్రతి వస్తువునకు ఒక పొర పేరు తగిలించినచో, ఫిల్ములతో పని తీరును. కంప్యూటరు పొర యనగా నిజమునకు పలక కాదు, గాజు కాదు. వస్తువునకు కట్టిన చీటి మాత్రమే.

1982 డిసెంబరులో వెలువడిన ఆటోకాడ్ సాఫ్ట్‌వేరు ఈ సౌకర్యమును బల్లమీది చిన్న కంప్యూటరులోనికి తెచ్చెను. అందులో '0' అను పేరు గల పొర ఒకటి ఎల్లప్పుడు ఉండును. దానిని తొలగింప వీలులేదు. కార్యాలయములు హెచ్చినకొలది పొరల పేర్లలో గందరగోళము హెచ్చెను. ఒకరు 'గోడ' అన్నదానిని వేరొకరు 'నిర్మాణము' అనిరి. అందుచేత అమెరికను వాస్తుశిల్పుల సంస్థ 1990లో పొరల పేర్లకు మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. పేరులోని మొదటి అక్షరము పనివాని శాఖను, తరువాతి భాగము వస్తువును తెలుపును. 1998లో అంతర్జాతీయ ప్రమాణముగా ఐఎస్‌ఓ 13567 వెలువడెను.

వేడుకల ప్లానుకు వాడు సాఫ్ట్‌వేరు ఈ మార్గముననే నడచును. ప్రతి పొరకు నాలుగు ముఖ్య లక్షణములు కలవు: పేరు, రంగు, చూపుట లేక దాచుట, తాళము వేయుట. తాళము వేసిన పొరలోని వస్తువు పొరపాటున చేయి తగిలినను కదలదు. దాచిన పొర చెరిగిపోదు. కంటికి కనబడదు, అంతే. ఈ చివరి మాటను గుర్తుంచుకొనుట అవసరము.

192 మంది, 128 మంది

ఒక చిన్న లెక్క చూడదగును. విందుశాల పొడవు 60 అడుగులు, వెడల్పు 40 అడుగులు అనుకొనిన, 5 అడుగుల వ్యాసము గల గుండ్రని బల్లచుట్టును ఎనిమిది మంది కూర్చుండవచ్చును. కుర్చీలకును, వడ్డించువారి రాకపోకలకును కలిపి ప్రతి బల్లకు పదియడుగుల చదరము విడిచినచో, నిడివిలో 6, వెడల్పులో 4 వంతున 24 బల్లలు పట్టును. 24ను 8చే గుణించిన 192. శుభలేఖలు 192 మందికి పంపవచ్చునని గృహస్థు సంతోషించును.

ఇప్పుడు వేదిక పొరను తెరవవలెను. పొట్టి గోడనానుకొని పదియడుగుల లోతు వేదిక కలదు. ఒక వరుసలోని నాలుగు బల్లలు పోయి 20 మిగులును, అతిథులు 160. తరువాత ద్వారముల పొరను తెరువవలెను. పొడవు గోడలలో ఎదురెదురుగా రెండు ద్వారములు, వేదిక పోగా మిగిలిన ఏబది అడుగులకు సరిగా నడుమ కలవు. వాని మధ్య పదియడుగుల దారి విడువవలెనన్న మరి నాలుగు బల్లలు పోవును. మిగిలినవి 16, అతిథులు 128 మంది.

శాల మారలేదు, బల్ల మారలేదు. దాచిన పొరలను తెరచినంతనే 64 మందికి చోటు లేదని తేలెను. ఆ చోటు మొదటినుండియు లేదు. కుర్చీల పొరను మాత్రమే చూచినవారికి అది ఉన్నట్లు తోచినది.

దాగిన ద్వారములు

ఈ తప్పు విందులో చిన్నబుచ్చును. అగ్నిప్రమాదములో ప్రాణము తీయును. 1903 డిసెంబరు 30న అమెరికాలోని చికాగో నగరమున ఇరొక్వా నాటకశాలలో మంటలు లేచి 600 మందికి పైగా మరణించిరి. ఆ శాల తెరచి కొన్ని వారములే అయ్యెను. బయటికి పోవు ద్వారములు కొన్ని అలంకారపు తెరల వెనుక దాగియుండెను, కొన్ని తెరచుకొనలేదు. అలంకారము ద్వారముపై పడినది. ద్వారమున్న సంగతి ప్రేక్షకునకు తెలియలేదు.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాలలో క్రింది అంతస్తునందలి విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరునుండి మంటలు పుట్టి, పొగ పైకి వ్యాపించి 59 మంది మరణించిరి. బాల్కనీలో కుడివైపు ఉండవలసిన నడవ స్థానమున అదనపు కుర్చీలు వేయబడినవనియు, ఆ వైపు బయటి ద్వారము మూసుకొనిపోయినదనియు తరువాతి న్యాయవిచారణలో తేలెను. ఇక్కడ నడవపై కుర్చీలు పడినవి. ఈ రెండు చోట్లను సాఫ్ట్‌వేరు లేకపోవుట కారణము కాదు. ద్వారములను, జనమును కలిపి చూడవలసినవారు అట్లు చూడకపోవుటయే కారణము.

హైదరాబాదు వాసులకు నుమాయిష్ పేరు సుపరిచితము. 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమైన ఆ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానమునకు మారెను. 2019 జనవరి 30 రాత్రి అక్కడ నిప్పంటుకొని అనేక దుకాణములు కాలిపోయెను. అదృష్టవశమున ప్రాణనష్టము జరుగలేదు. తాత్కాలికమైన దుకాణములు దగ్గర దగ్గరగా నిలుచు చోట దారియే తొలి రక్షణ. 1970లో తొలిసారి ప్రకటింపబడి, 2016లో సవరింపబడిన భారత జాతీయ భవన నియమావళిలో నాలుగవ భాగమంతయు అగ్నినుండి ప్రాణరక్షణకే కేటాయింపబడుట గమనింపదగినది.

పొరలను పేర్చు క్రమము

కావున వేడుక ప్లాను గీయువారు అనుసరింపదగిన క్రమము సులభమైనదే. స్థలమును టేపుతో కొలిచి ఆధారపు పొరను గీసి, దానికి తాళము వేయవలెను. రెండవది ద్వారముల, దారుల పొర. దీనికిని తాళము వేయవలెను. ఈ రెండును ముగిసిన పిమ్మటనే వేదిక, బల్లలు, కుర్చీలు, విద్యుత్తు, పూలు రావలెను. పనివారికి నకళ్ళు ఇచ్చునపుడు వారికి అక్కరలేని పొరలను దాచవచ్చును. కాని ద్వారముల పొరను ఎవరి నకలునందును దాచరాదు. పూలవాని నకలులో ద్వారము కనబడనిచో, అతడు తెరను ద్వారముపైననే వ్రేలాడదీయును. ఆ తప్పు అతనిది కాదు. చివరకు పొరలన్నియు ఒక్కసారి తెరచి చూచి, ఆ కాగితమును చేతబట్టుకొని స్థలమున ఒకసారి నడువవలెను.

ట్రేసింగు గుడ్డ పోయినది, ఫిల్ము పోయినది, ఉక్కుపట్టీ మొలలు పోయినవి. వేలితో తాకినంతనే పొర మాయమగు కాలము వచ్చినది. కాని పండుగనాడు వేలమంది నిలుచునది తెరపై కాదు, నేలపై. అక్కడ ఏ పొరను దాచుటకు వీలుండదు.