రాతి మీద డిలీట్ బటన్ ఉండదు

వాషింగ్టన్ డీసీ వెళ్ళిన మనవాళ్ళు లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఫోటో దిగి, పక్కనే ఉన్న వియత్నాం వాల్ కూడా చూసి వస్తారు. "నల్లరాయి మీద బోలెడు పేర్లు, అంతేగా" అంటాడు మా రూమ్మేట్. అంతే కాదు గురూ.

ముందు రాయి సంగతి. అది బెంగుళూరు దగ్గర తీసిన నల్ల గ్రానైటు. మన చీమకుర్తి గెలాక్సీలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి చూడండి, దీంట్లో అవేం ఉండవు. పాలిష్ పట్టాక అద్దమే. పేరు చదివేవాడికి తన మొహం కూడా అందులో కనబడాలన్నది డిజైన్ చేసిన మాయా లిన్ ఆలోచన. 1981 పోటీలో గెలిచేనాటికి ఆమెకి 21 ఏళ్ళు, ఇంకా యేల్‌లో స్టూడెంటు.

1982లో ఆవిష్కరించేనాటికి గోడ మీద 57,939 పేర్లు. అక్షరం ఎత్తు అరంగుళం. ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చుంటే ఏళ్ళు పడుతుంది. ఇసుకని గాలితో విసిరికొట్టి రాయి చెక్కే పద్ధతికి టిల్గ్‌మన్ అనే అమెరికన్ 1870లోనే పేటెంట్ తీసుకున్నాడు. చిక్కల్లా అన్ని పేర్లకీ స్టెన్సిల్ ఎవరు కోస్తారని. అందుకని రాయికే వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూశారు. పేర్లున్న ఫిల్మ్ దాని మీద పెట్టి లైటు కొట్టారు. తర్వాత కడిగితే అక్షరాల చోట మాత్రమే పూత పోయి రాయి బయటపడింది. అప్పుడు ఇసుక దెబ్బ. కాలేజీ ల్యాబ్‌లో పీసీబీ చేసినవాళ్ళకి ఇదెక్కడో చూసినట్టు అనిపించడం లేదూ?

పేర్లు అక్షర క్రమంలో ఉండాలని కొందరు పట్టుబట్టారు. స్మిత్‌లే 600 మందికి పైగా ఉన్నారు, అలా పెడితే టెలిఫోన్ డైరెక్టరీ అయ్యేది. మాయా లిన్ చనిపోయిన తేదీల వరసే ఉండాలంది. వెతకడం కష్టమే, నిజమే. కానీ ఒకే రోజు, ఒకే పోరులో పోయినవాళ్ళు రాతి మీద కూడా పక్కపక్కనే ఉన్నారు. నా ఓటు ఆవిడకే.

నాకు బాగా నచ్చింది పేరు పక్కన గుర్తు. మరణం ఖాయమైతే డైమండ్, ఆచూకీ లేకపోతే ప్లస్ లాంటి శిలువ. తర్వాత అవశేషాలు దొరికితే ఆ శిలువ మీదే డైమండ్ చెక్కుతారు. మనిషి ప్రాణాలతో తిరిగొస్తే చుట్టూ సున్నా చుట్టాలి. చెరపడం అన్నది ఎక్కడా లేదు, పక్కా అపెండ్-ఓన్లీ డిజైన్. ఆ సున్నా చుట్టే అవసరం మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

డేటా తప్పుల్ని ఈ డిజైన్ కూడా ఆపలేకపోయింది. రికార్డుల్లో పొరపాటు వల్ల, యుద్ధం నుంచి బతికి ఇంటికొచ్చిన కొందరి పేర్లు కూడా గోడెక్కాయి. వాళ్ళు వచ్చి తమ పేరు తామే చదువుకోవచ్చు! అటువైపు లక్షల్లో చచ్చిపోయిన వియత్నాం జనం పేర్లు మాత్రం ఇందులో ఒక్కటీ లేవు. అమెరికా గోడ కాబట్టి లేవు అంటారు, సరే. అయినా ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు ఆ లెక్క కూడా గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

ఈసారి వెళ్తే, అక్కడుండే డైరెక్టరీలో ఏదో ఒక పేరు తీసి, ప్యానెల్ నంబరూ వరస నంబరూ పట్టుకుని వెతకండి. పేరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. చాలామంది ఇంటికి పట్టుకెళ్ళేది అదే.