బడి తెరిచే తేదీ – బొక్కసం లెక్క

తెలుగువారికి సంవత్సరాదులు మూడు. పంచాంగానికి ఉగాది, సర్కారు లెక్కలకు ఏప్రిల్ 1, బడికి జూన్ 12. మా కృష్ణా డెల్టాలో నాలుగోదీ ఉంది: కాలువలకు నీళ్ళు వదిలే రోజు. ఈ చివరి రెండూ దగ్గరదగ్గరగా రావడమే చిక్కు.

సార్వా ధాన్యం సంక్రాంతి నాటికి ఇల్లు చేరుతుంది. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. జూన్ వచ్చేసరికి విత్తనాలు, దుక్కి, నారుమడి ఖర్చులు. ఆ వెంటనే బడిగంట. పాఠ్యపుస్తకాలు సర్కారు ఇచ్చినా, నోటుపుస్తకాలూ చెప్పులూ అమరక మొదటి వారాల్లో బడికి రాని పిల్లలను ఉపాధ్యాయుడిగా ఏటా చూశాను.

కరోనా ఈ తేదీని కదిలించింది. 2020లో బడులు నవంబరు 2 నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. 2021లో ఆగస్టు 16న, 2022లో జూలై 5న తెరిచి, 2023లో మళ్ళీ జూన్ 12కు వచ్చారు. కంకిపాడు మండలం పునాదిపాడులో 2020 అక్టోబరు 8న మొదలైన విద్యాకానుక (సంచి, దుస్తులు, బూట్లు, నోటుపుస్తకాలు) తరువాతి మూడేళ్ళూ బడి తెరిచిన రోజునే ఇవ్వనారంభించారు.

డబ్బు కథ వేరు. తల్లులకు 15 వేల రూపాయలిచ్చే అమ్మఒడి 2020 జనవరి 9న మొదలైంది. రెండో విడత 2021 జనవరి 11న. మూడో విడత జనవరి నుంచి జూన్‌కు జరిగి, 2022 జూన్ 27న వచ్చింది. అందులో తల్లికి చేరినది 13 వేలు, తక్కిన 2 వేలు బడి నిర్వహణకు.

జూన్‌కు మార్చడం డెల్టా కుటుంబానికి మేలే. పంట చేతికొచ్చినప్పటి 13 వేల కంటే, అప్పు వెదుక్కునేనాటి 13 వేలు బరువైనవి. కానీ ఆ మేలుకు వెల ఉంది: తల్లులు 17 నెలలు నిరీక్షించారు. 2021 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు, అంటే ఒక పూర్తి ఆర్థిక సంవత్సరంలో, బొక్కసం నుంచి ఈ పద్దు కింద విడత విడుదల కాలేదు. పథకం ఆగలేదు, తేదీ మాత్రమే జరిగింది. నాలుగో విడత 2023 జూన్ 28న వచ్చింది. ప్రభుత్వం మారాక, తల్లికి వందనం పేరుతో తరువాతి సాయం 2025 జూన్ 12న, బడి తెరిచిన రోజున మొదలైంది. నడుమ మరో రెండేళ్ళ విరామం.

కనుక మిత్రులారా, ఏ పథకం గురించి విన్నా "ఎంత?" అన్న ప్రశ్న పక్కనే "ఎప్పుడు?" అన్నదీ వేయాలి. తేదీ కూడా ధనమే. మెట్ట ప్రాంతాల్లో బడికాలానికీ పంటకాలానికీ ఉన్న పొత్తు ఎలాంటిదో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.