నాడి చెప్పిన నిజం



మూడేళ్ళ క్రితం నా శ్రీమతికి పిత్తాశయం తొలగించే శస్త్రచికిత్స జరిగింది. మత్తు దిగుతున్న వేళ ఆమె ప్రశాంతంగా నిద్రిస్తున్నదని తలచి నేను నిశ్చింతగా కూర్చున్నాను. ఇంతలో వేలికి తగిలించిన పరికరం స్వరం మార్చింది. తెరపై 97గా ఉన్న అంకె 88కి దిగింది. నర్సమ్మ పరుగున వచ్చి, గడ్డం పైకెత్తి, ప్రాణవాయువు పెట్టి, పేరుతో గట్టిగా పిలిచింది. కాసేపటికి అంకె కోలుకుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్న ముఖమే అయినా, అందులో నాకు ఏ మార్పూ కనబడలేదు! ఆ విస్మయమే నన్ను ఈ చరిత్ర చదివించింది.

శస్త్రచికిత్స అనంతరం మత్తుమందు శేషమూ, నొప్పి మందులూ శ్వాసను మందగింపజేస్తాయి. నాలుక వెనుకకు జారవచ్చు. ఊపిరితిత్తుల అడుగుభాగాలు ముడుచుకొంటాయి. రక్తంలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. పూర్వం వైద్యులు పెదవుల, గోళ్ళ నీలిమను బట్టి దానిని గుర్తించేవారు. అయితే 1947లో అమెరికా వైద్యులు కామ్రో, బొటెల్హో పరీక్షించి చూడగా, ప్రాణవాయువు 80 శాతానికి పడిపోయేదాకా చాలామంది పరిశీలకులు నీలిమను నిశ్చయంగా పోల్చుకోలేకపోయారు. రక్తహీనత ఉన్నవారిలో ఆ నీలిమ మరింత ఆలస్యంగా గాని కనబడదు.

కంటికి అందనిదాన్ని కాంతితో పట్టుకొనే యత్నం అప్పటికే మొదలైంది. 1935లో జర్మనీలో కార్ల్ మాథెస్ చెవితమ్మె గుండా వెలుగు పంపి కొలిచాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గ్లెన్ మిలికన్ వైమానికుల కోసం చెవి పరికరం నిర్మించి, దానికి ‘ఆక్సీమీటర్’ అని నామకరణం చేశాడు. కాని వాటిని వాడడం సులువు కాదు.

చిక్కు విప్పినవాడు జపాన్ ఇంజనీరు తకువో అయొయాగి. నిహోన్ కోడెన్ సంస్థలో ఆయన చేస్తున్న పని వేరు: రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి గుండా కాంతి పంపి, గుండె ఎంత రక్తం తోడుతున్నదో లెక్కించడం. నాడి కొట్టుకొన్నప్పుడల్లా గీత వణికి లెక్క చెడేది. ఆ వణుకును రద్దు చేయడానికి పరారుణ కాంతిని జోడించాడు. ప్రాణవాయువు మారినప్పుడు మాత్రం ఆ రద్దు కుదరలేదు. అయితే ఆ వణుకులోనే ధమని రక్తపు సమాచారం ఉన్నదని ఆయన గ్రహించాడు! ఎరుపు, పరారుణ కాంతుల స్పందనల నిష్పత్తే ప్రాణవాయువు కొలత అయింది. అది 1974. తొలగించదలచిన దోషమే సాధనమైంది.

1980లలో ఈ పరికరం అమెరికా శస్త్రచికిత్సాలయాలలో వ్యాపించింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో దానికి చోటిచ్చింది.

అయినా యంత్రాన్ని దైవంగా కొలవరాదు. 1993లో డెన్మార్క్‌లో 20,802 మంది రోగులపై జరిగిన అధ్యయనంలో, ఈ పరికరం ప్రాణవాయు లోపాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టి ఇచ్చింది గాని, మొత్తం ఉపద్రవాలు తగ్గినట్లు తేలలేదు. 2020లో అమెరికాలో మరొక అధ్యయనం వెలువడింది. పరికరం బాగున్నదని చూపినా లోపల ప్రాణవాయువు తక్కువగా ఉన్న సందర్భాలు, తెల్లవారిలో కంటే నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. చామనచాయ వారమైన మనమూ ఈ మాట మరువరాదు.

ఆ 2020 ఏప్రిల్‌లోనే, కరోనా భయంతో లోకమంతా ఆ పరికరాన్ని వెతుకుతున్న రోజుల్లో, అయొయాగి 84వ ఏట కన్నుమూశాడు. మా ఇంటి దీపాన్ని నిలిపినది ఆయన గ్రహించిన నాడీ సూక్ష్మమూ, అంకెను చూసి పరుగెత్తుకొచ్చిన ఆ నర్సమ్మ కాళ్ళూ. ఇద్దరికీ నా నమోవాకాలు.